సముద్రం ఎదురుగా ఒక స్టేషన్: షిమోనాడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు తరచూ ఒక ఫొటో చూపించి "ఇది ఎక్కడ?" అని అడుగుతుంటారు. పాత ప్లాట్‌ఫారం, దాని మీద చిన్న కప్పు, కప్పు కింద బెంచీ, ఎదురుగా సముద్రం. ఇంకేమీ ఉండదు. ఆ స్టేషన్ పేరు షిమోనాడ. నేను హిరోషిమాలో ఉంటాను. అక్కడి నుంచి ఓడలో మత్సుయామా దాటి ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను. అడిగిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. వెళ్లేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒక్కటే: రైల్లో వెళ్లండి. ఎందుకంటున్నానో మధ్యలో వివరంగా రాశాను.

ఈ స్టేషన్ ఎక్కడుంది?

జపాన్ నాలుగు ప్రధాన ద్వీపాల్లో అన్నిటికన్నా చిన్నది షికోకు. దానికి పడమటి వైపు ఉన్న ప్రాంతం ఎహిమే. ఎహిమేకి ముఖ్యపట్టణం మత్సుయామా. అక్కడి నుంచి నైరుతిగా, పట్టాల మీద సుమారు 28 కిలోమీటర్ల దూరంలో ఫుతామి అనే తీరప్రాంతంలో షిమోనాడ ఉంది. 2005 వరకు ఫుతామి విడి ఊరు. ఆ ఏడాది పక్క ఊళ్లతో కలిపి ఇయో నగరంలో చేర్చారు. ఎదురుగా కనిపించే నీళ్లు ఇయోనాడ. సెతో లోతట్టు సముద్రంలో అదొక భాగం. ఇది బయటి మహాసముద్రం కాదు కాబట్టి మన విశాఖ బీచ్‌లో లాగా పెద్ద అలల హోరు ఉండదు. చాలా రోజుల్లో నీళ్లు చెరువులాగా పడుకుని ఉంటాయి.

ఆ పేరుకి అర్థం ఏమిటి?

"షిమో" అంటే దిగువ. "నాడ" అంటే అలలు, ప్రవాహాలు బలంగా ఉండే సముద్ర భాగం. మత్సుయామా నుంచి వస్తుంటే షిమోనాడకి ముందు స్టేషన్ పేరు ఇయో-కమినాడ. "కమి" అంటే ఎగువ. మనకి ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం ఉన్నట్టే వాళ్లకి ఎగువ నాడ, దిగువ నాడ ఉన్నాయి. ఒకప్పుడు ఇవి రెండు వేర్వేరు ఊళ్లు. 1955లో కలిపి ఫుతామి చేశారు. "ఇయో" అనేది ఎహిమేకి పాత పేరు. ఒకే పేరున్న స్టేషన్లు దేశంలో వేరే చోట కూడా ఉంటే తికమక లేకుండా ఆ ప్రాంతపు పాత పేరు ముందు చేర్చడం జపాన్ రైల్వేలో అలవాటు. అందుకే ఈ లైను మీద ఇయో-కమినాడ, ఇయో-నగహమా, ఇయో-ఓజు అని వరసగా వినిపిస్తాయి.

ఎప్పటి స్టేషన్ ఇది?

1935 జూన్ 9న తెరిచారు. ఈ తేదీకి కొంత వెనక కథ ఉంది. మత్సుయామాకి ప్రభుత్వ రైలు చేరిందే 1927లో. ప్రధాన ద్వీపాల్లోని ప్రిఫెక్చర్ (ఎహిమే లాంటి పాలనా ప్రాంతం) ముఖ్యపట్టణాలన్నిటిలో అన్నిటికన్నా ఆఖరున రైలు చూసిన ఊరు అదే. అక్కడి నుంచి పట్టాలు కొండలకీ సముద్రానికీ మధ్య ఉన్న సన్నటి జాగాలో కొంచెం కొంచెంగా ముందుకు జరిగాయి. 1930లో ఇప్పటి ఇయోషి స్టేషన్ వరకు, 1932లో ఇయో-కమినాడ వరకు, 1935 జూన్‌లో షిమోనాడ వరకు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఇయో-నగహమాకి కలిశాయి. అంటే ఈ చిన్న స్టేషన్ సుమారు నాలుగు నెలలు లైనుకి చివరి స్టేషన్. బండి వచ్చి ఇక్కడే ఆగిపోయేది. పట్టాలు ఉవాజిమా వరకు పూర్తయ్యేసరికి 1945 వచ్చింది. ఈ మొత్తం మార్గాన్నే ఇప్పుడు యోసాన్ లైన్ అంటున్నారు.

ఇంత చిన్న స్టేషన్‌కి ఇంత పేరు ఎలా వచ్చింది?

నిజానికి దీన్ని పక్కన పెట్టేశాకే పేరొచ్చింది.

1986 మార్చి వరకు మత్సుయామా, ఉవాజిమా మధ్య ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఈ తీరం మీదుగానే వెళ్లేవి. దారి వంపులు ఎక్కువ, వేగం తక్కువ, వానలు పడితే కొండచరియల భయం. అందుకని ముకైబారా స్టేషన్ నుంచి లోపలి కొండల్లో సొరంగాలు తవ్వి, ఉచికో మీదుగా ఇయో-ఓజుకి దగ్గరి దారి వేశారు. 1986 మార్చి 3న అది తెరుచుకుంది. ఎక్స్‌ప్రెస్‌లన్నీ అటు వెళ్లిపోయాయి. తీరం లైనుకి ఆగి ఆగి వెళ్లే ప్యాసింజర్ బండ్లే మిగిలాయి. మన దగ్గర కూడా బైపాస్ రోడ్డు పడ్డాక పాత రోడ్డు మీది ఊళ్లు ఎలా చిక్కిపోతాయో చూశాం కదా, అలాంటిదే ఇక్కడా జరిగింది.

అయితే రద్దీ పోయిన చోట నిశ్శబ్దం మిగిలింది. దాన్ని రైల్వేవాళ్లే మళ్లీ కనిపెట్టారు. జపాన్‌లో "సెయిషున్ జూహచి కిప్పు" అనే టికెట్ ఉంది. "యవ్వనం 18 టికెట్" అని అర్థం. పేరులో 18 ఉన్నా ఏ వయసువాళ్లయినా కొనుక్కోవచ్చు. దేశమంతా జేఆర్ (జపాన్ రైల్వే సంస్థల) ప్యాసింజర్ బండ్లలో తిరగడానికి సెలవుల కాలంలో అమ్ముతారు. 1998 నుంచి 2000 వరకు ఆ టికెట్ ప్రచార పోస్టర్లలో షిమోనాడ మూడుసార్లు వచ్చింది. స్టేషన్ల గోడల మీద ఆ పోస్టర్ చూసినవాళ్లు ఆగలేకపోయారు. తర్వాత సినిమాలు, టీవీ సీరియల్స్, ఆ తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్ కెమెరాలు వచ్చాయి. ఇప్పుడు సెలవు రోజు సాయంత్రం ఆ బెంచీ దగ్గర వరస కడుతున్నారు.

జపాన్‌లో సముద్రానికి అతి దగ్గరి స్టేషన్ ఇదేనా?

ఒకప్పుడు ఆ పేరు దీనికుండేది. ఇప్పుడు చెల్లదు. పూర్వం ప్లాట్‌ఫారం కిందే కెరటాలు తగిలేవి. తర్వాత తీరం పూడ్చి 378వ నంబరు జాతీయ రహదారి వేశారు. ఆ రోడ్డు స్టేషన్‌కన్నా కిందుగా పోతుంది. అందుకే ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుంటే రోడ్డు చాలావరకు చూపుకి తగలదు, నీళ్లే కనిపిస్తాయి. కార్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఫొటోలో చప్పుడు ఉండదు కదా. అక్కడ సంపూర్ణ నిశ్శబ్దం ఉంటుందని ఊహించుకుని వెళ్లకండి.

పట్టాలు సముద్రంలోకి దిగిపోతున్న ఫొటో కూడా ఇక్కడిదేనా?

ఊరు ఇదే, కానీ స్టేషన్‌లో కాదు. స్టేషన్‌కి కొంత దూరంలో ఒడ్డున పడవలు బాగుచేసే చోట, పడవను నీళ్లలోంచి పైకి లాగడానికీ మళ్లీ దించడానికీ వేసిన పట్టాలవి. ఆటుపోట్లను బట్టి ఎక్కువో తక్కువో నీళ్ల కింద కనిపిస్తాయి. వాటి మీద ఏనాడూ రైలు నడవలేదు. అవి చూస్తే నాకు రైలుకన్నా ఊరివాళ్ల కష్టమే ఎక్కువ గుర్తొస్తుంది. ఈ తీరం బెస్తవాళ్లది. స్టేషన్ ఉన్నా లేకపోయినా వాళ్ల పడవలు తెల్లవారకముందే బయల్దేరతాయి.

ఎలా వెళ్లాలి?

ముందు మత్సుయామా చేరాలి. టోక్యో నుంచైతే విమానం సులువు, గంటన్నర దాకా పడుతుంది. ఒసాకా వైపు నుంచి వచ్చేవాళ్లు ఒకాయామా వరకు షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో వచ్చి, అక్కడ "షియోకాజె" ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర, మూడు గంటల మధ్య మత్సుయామాలో దిగుతారు. ఆ బండి 1988లో తెరిచిన సెతో మహావారధి మీదుగా సముద్రం దాటుతుంది. ఆ పది నిమిషాలు కిటికీ పక్క సీటు వదులుకోకండి. హిరోషిమా నుంచైతే నాలాగా ఓడలో రండి. వేగంగా వెళ్లే ఓడ సుమారు గంటంపావులో దింపుతుంది.

మత్సుయామా జేఆర్ స్టేషన్‌లో జాగ్రత్తగా చూసుకోవలసినది ఒకటుంది. ఇయో-ఓజు, యవతహమా వైపు వెళ్లే బండ్లు రెండు దారుల్లో పోతాయి. ఒకటి ఉచికో మీదుగా కొండల్లోంచి, రెండోది నగహమా మీదుగా సముద్రం పక్కనుంచి. షిమోనాడ రెండో దారిలో ఉంది. గమ్యం పేరు ఒకటే అయినా దారి వేరు కావచ్చు. "నగహమా మీదుగానేనా?" అని అడిగి మరీ ఎక్కండి. నేను మొదటిసారి అడగకుండా ఎక్కబోతే ఒక పెద్దావిడ చెయ్యి ఊపి ఆపింది. కొన్నిసార్లు మధ్యలో ఇయోషిలో బండి మారాలి. మొత్తం ప్రయాణం గంట లోపో, గంటకి అటూ ఇటూగానో ఉంటుంది.

కూర్చునేటప్పుడు కుడివైపు కిటికీ చూసుకోండి. ముకైబారా దాటి కొండల్లో కాసేపు తిరిగాక, ఒక్కసారిగా కుడిపక్క నీళ్లు తెరుచుకుంటాయి. హౌరా వైపు వెళ్తూ చిలక సరస్సు పక్కకి రాగానే బోగీలో అందరూ కిటికీల దగ్గరికి చేరే క్షణం మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడా పిల్లలు అలాగే లేస్తారు.

సూయికా, ఇకోకా లాంటి రైలు ప్రీపెయిడ్ కార్డులు పనిచేస్తాయా?

పనిచేయవు. టోక్యో, ఒసాకాలకి అలవాటుపడినవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడే. మత్సుయామాలో కాగితం టికెట్ కొనుక్కోండి, చేతిలో చిల్లర ఉంచుకోండి. జపాన్ రైల్ పాస్, షికోకు పాస్, పైన చెప్పిన 18 టికెట్ మాత్రం చెల్లుతాయి. 2024 శీతాకాలం నుంచి ఆ 18 టికెట్ పద్ధతి మారింది. ఇప్పుడు వరసగా మూడు రోజులకో ఐదు రోజులకో తీసుకోవాలి. పాతలాగా ఒక్క టికెట్‌ని నలుగురు పంచుకోవడం కుదరదు.

ఒక్క బోగీ బండి ఎక్కడం దిగడం ఎలా?

దీన్ని "వన్‌మన్" బండి అంటారు. డ్రైవరు ఒక్కరే, గార్డు ఉండరు. వెనక తలుపు నుంచి ఎక్కాలి. తలుపు పక్క పెట్టెలోంచి నంబరున్న చిన్న చీటీ తీసుకోవాలి. దాని పేరు "సెయిరికెన్". ముందువైపు, డ్రైవరు తలకి పైన ఒక బోర్డు ఉంటుంది. మీ చీటీ నంబరు కింద ఎన్ని యెన్లు చూపిస్తే అంత, చీటీతో కలిపి డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేసి ముందు తలుపు నుంచి దిగాలి. పెద్ద నోట్లు ఆ యంత్రం తీసుకోదు. వెయ్యి యెన్ల నోటుని అక్కడే చిల్లర మార్చుకోవచ్చు. దిగేముందు హడావుడి పడకుండా బండి మధ్యలో ఆగినప్పుడే మార్చుకుని ఉంచుకోండి. ముందే టికెట్ కొన్నవాళ్లు ఆ టికెట్ డ్రైవరుకి చూపించి పెట్టెలో వేస్తే సరి.

ఇయోషి తర్వాత కరెంటు తీగలు ఉండవు. అక్కడి నుంచి డీజిల్ బండ్లే. ఎక్కువగా కనిపించేవి కిహా 54, కిహా 32 రకాలు. రెండూ 1987లో ప్రభుత్వ రైల్వేని ముక్కలు చేయడానికి కాస్త ముందు కట్టినవి. తర్వాత కొత్త సంస్థకి డబ్బు కష్టమవుతుందని తెలిసి, ముందే తయారుచేసి ఇచ్చిన బండ్లు. కిహా 32 పొడవు 16 మీటర్లే, మన సిటీ బస్సుకన్నా కాస్త పెద్దది. ఈ రెండు రకాల్లోనూ టాయిలెట్ లేదు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మత్సుయామాలోనే చూసుకోండి. షిమోనాడ స్టేషన్ దగ్గర ఒకటి ఉంది.

రోజుకి బండ్లు ఎన్ని? తిరుగు బండి తప్పిపోతే?

పొద్దున, సాయంత్రం బడిపిల్లల వేళల్లో కాస్త దగ్గరగా ఉంటాయి. పగలు రెండు బండ్ల మధ్య రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఖాళీ వస్తుంది. దిగగానే మొదటి పని స్టేషన్‌లోని టైంటేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోవడం. నా రెండో ప్రయాణంలో సూర్యాస్తమయం చూస్తూ మైమరచి ఒక బండి వదులుకున్నాను. తర్వాతి బండి వచ్చేవరకు అక్కడే కూర్చున్నాను. ఫిబ్రవరి గాలికి చేతులు కొంకర్లు పోయాయి. ఆ రోజు మత్సుయామాలో చివరి ఓడ అందుతుందో లేదో అని టెన్షన్ పడ్డాను. టాక్సీ చెయ్యి ఊపితే ఆగే ఊరు కాదు ఇది.

ఖాళీ ఎక్కువున్నప్పుడు ఒక ఉపాయం. షిమోనాడలో దిగకుండా ఇయో-నగహమా వరకు వెళ్లి, ఆ ఊరు చూసి, తిరుగు బండిలో షిమోనాడలో దిగండి. అప్పుడు రెండు ఊళ్లకీ టైం సరిపోతుంది.

కారులో వెళ్తే హాయి కదా, రైలే ఎందుకు?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను ఎక్కువసేపు జవాబు చెప్పేదీ దీనికే.

సెలవు రోజు మధ్యాహ్నం షిమోనాడ ప్లాట్‌ఫారం మీద వంద మంది ఉన్నారనుకోండి. బండి వచ్చి ఆగుతుంది. అందరూ ఫొటో తీస్తారు. బండి ఎక్కేది నలుగురు, దిగేది ముగ్గురు. మిగతావాళ్లంతా కార్లలో వచ్చినవాళ్లు. ఇది నా కళ్లతో మూడుసార్లూ చూశాను. స్టేషన్‌లో సిబ్బంది లేరు, గేటు లేదు, ప్లాట్‌ఫారం టికెట్ అడిగేవాళ్లు లేరు. అంటే ఆ వంద మందికీ అంత అందం ఉచితంగా దొరికింది. దాన్ని నిలబెడుతున్న రైలుకి మాత్రం ఏడుగురి టికెట్ డబ్బే దక్కింది.

ఇంకో సంగతి. ఊరి దారులు సన్నం. ఇళ్లు కొండవాలున, నారింజ తోటల మధ్య ఉంటాయి. పార్కింగ్ జాగా కొద్దిగానే ఉంది. అది నిండితే కార్లు ఇళ్ల ముందూ రోడ్డు వారనా ఆగుతాయి. కోతకాలంలో తోటకి వెళ్లే చిన్న ట్రక్కుకి దారి ఉండదు. ఈ ఊరివాళ్లు ఎన్నో ఏళ్లుగా స్టేషన్ ఊడ్చి, పూలు నాటి చూసుకున్నారు. వాళ్ల గుమ్మం ముందు మనం కారు ఆపి పోతే ఎలా?

నడవలేనివాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు కారులో వెళ్లక తప్పదు, అది నాకు తెలుసు. అలాంటప్పుడు వారం మధ్యలో వెళ్లండి, గీతల్లోనే ఆపండి. కుదిరితే ఇయో-కమినాడ దగ్గర ఫుతామి తీరపు పార్కులో కారు పెట్టి, అక్కడి నుంచి ఒక్క స్టేషన్ రైలెక్కండి. బండి లోపలి నుంచి ఆ స్టేషన్ మెల్లగా దగ్గరవడం చూస్తే, కారు దిగి నడిచొచ్చి చూడడానికీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది.

ఈ లైను మూసేస్తారా?

మూసేస్తామని నిర్ణయం ఏదీ రాలేదు. భయం మాత్రం ఉంది, అది ఉత్త పుకారు కాదు.

1987 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వ రైల్వేని ప్రాంతాలవారీగా విడగొట్టినప్పుడు షికోకు వాటాకి జేఆర్ షికోకు వచ్చింది. జనం తక్కువ, షిన్‌కాన్‌సెన్ లేదు, ఎక్స్‌ప్రెస్ రహదారులు పెరుగుతున్నాయి. లాభాలు రావని అప్పుడే తెలుసు. అందుకని 20,820 కోట్ల యెన్ల నిధి ఇచ్చి, దాని వడ్డీతో నష్టం పూడ్చుకోమన్నారు. తర్వాత జపాన్‌లో వడ్డీ రేట్లు పడిపోయాయి. నిధి ఉంది, దాని మీద వచ్చే ఆదాయం మాత్రం చిక్కిపోయింది. ఈలోగా పల్లెల్లో పిల్లలు తగ్గారు. ఇలాంటి లైన్లకి బడిపిల్లలే ప్రాణం.

ఒక లైను ఎంత వాడకంలో ఉందో చెప్పడానికి రైల్వేవాళ్లు ఒక లెక్క కడతారు. లైను పొడవునా ప్రతి కిలోమీటరు మీద రోజుకు సగటున ఎంతమంది ప్రయాణిస్తున్నారు అన్నది ఆ లెక్క. ముకైబారా నుంచి నగహమా మీదుగా ఇయో-ఓజు వరకు ఈ సంఖ్య 1,000 కన్నా బాగా తక్కువ. 2023లో జేఆర్ షికోకు మూడు మార్గాల భవిష్యత్తు గురించి మాట్లాడుకుందామని స్థానిక ప్రభుత్వాలని అడిగింది. వాటిలో ఇదొకటి. రైలు ఉంచాలా, బస్సు వేయాలా, ఖర్చులో ఎవరు ఎంత భరించాలి అనేవే ఆ మాటల్లో వచ్చే ప్రశ్నలు.

మనం కొనే ఒక్క టికెట్‌తో ఆ లెక్క మారిపోదు. అయినా చర్చలో "జనం వస్తున్నారు కానీ రైలెక్కడం లేదు" అనే మాట వచ్చినప్పుడు, ఎక్కినవాళ్ల పక్షాన నేను ఉండాలనుకుంటాను.

ఏ కాలంలో, ఏ వేళకి వెళ్లాలి?

సాయంత్రానికే వెళ్లండి. తీరం వాయవ్యానికి తిరిగి ఉంటుంది కాబట్టి వసంతం నుంచి శరత్కాలం వరకు సూర్యుడు నీళ్లలోకే దిగుతాడు. సూర్యాస్తమయం జూన్‌లో రాత్రి ఏడున్నరకి కాస్త ముందు, సెప్టెంబరు చివర ఆరింటికి అటూ ఇటూగా, డిసెంబరులో ఐదింటికే. ఫుతామి ఊరు తనని తాను "అస్తమించే సూర్యుడు ఆగి నిలబడే ఊరు" అని చెప్పుకుంటుంది. ప్రకటన కోసం రాసుకున్న మాటే అయినా, అక్కడ నిలబడ్డప్పుడు అబద్ధమనిపించదు.

జూన్‌లో వానలు ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుఫాన్లు వస్తాయి, ముందు జాగ్రత్తగా బండ్లు ఆపేస్తారు. 2018 జూలై వరదలకి ఎహిమేలో చాలా నష్టం జరిగింది, ఈ మార్గం కూడా కొన్నాళ్లు నడవలేదు. వెళ్లేరోజు పొద్దున బండ్లు నడుస్తున్నాయో లేదో చూసుకోండి. చలికాలం గాలి కోస్తుంది కానీ జనం తక్కువ. జనవరిలో కొండవాలున నార్సిసస్ పూలు, ఫిబ్రవరి, మార్చిలో ఇయో-కమినాడ దగ్గర పట్టాల పక్కన పసుపు పూల చేను. అవి చూస్తే మన ఆవచేలు గుర్తొస్తాయి. నిజానికి ఆ మొక్క ఆవ జాతిదే.

టూరిస్టు రైలు ఉందట కదా?

ఉంది. పేరు "ఇయోనాడ మొనోగతారి", అంటే ఇయోనాడ కథ. 2014 జూలైలో మొదలైంది. 2022 ఏప్రిల్ నుంచి మూడు బోగీల కొత్త బండి నడుస్తోంది. ఒక బోగీ అస్తమయపు ఎరుపు, ఇంకోటి బంగారు రంగు. ముఖ్యంగా శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో నడుస్తుంది. అన్నీ రిజర్వు సీట్లే. భోజనం కావాలంటే విడిగా ముందే చెప్పుకోవాలి. షిమోనాడలో కొన్ని నిమిషాలు ఆపుతారు, దిగి చూసి మళ్లీ ఎక్కొచ్చు.

నాకు ఈ బండిలో నచ్చింది లోపలి అలంకారం కాదు. దారి పొడవునా ఊళ్లవాళ్లు బయటికొచ్చి చేతులూపుతారు. గోరో అనే చిన్న స్టేషన్‌లో తనుకి వేషాలు వేసుకుని ఊపుతారు. తనుకి అంటే అక్కడి కథల్లో వచ్చే, కుక్కలా ఉండే అడవి జంతువు. ఓజు కోట మీదనుంచి జెండాలు ఊపుతారు. మనం ఎవరో వాళ్లకి తెలియదు. అయినా ఊపుతారు, మన చెయ్యి కూడా దానంతటదే లేస్తుంది.

ఫొటోలు తీసుకునేటప్పుడు ఏం గమనించాలి?

పట్టాల మీదకి దిగకండి. బండ్లు తక్కువ కదా అని చాలామంది దిగుతున్నారు. సింగిల్ లైను, రెండు పక్కలా వంపులు. డ్రైవరుకి మీరు కనిపించేసరికి ఆలస్యమైపోవచ్చు. పసుపు గీతకి ఇవతలే ఉండండి. రైలు ఆవరణలో డ్రోన్ ఎగరేయకండి. బెంచీ దగ్గర వరస ఉంటే రెండు మూడు ఫొటోలు తీసుకుని లేవండి. ఇళ్ల వైపు కెమెరా పెట్టకండి, అక్కడ జనం కాపురాలు ఉన్నాయి.

తినడానికి ఏమైనా దొరుకుతుందా? శాకాహారులైతే?

స్టేషన్ పక్కన ఒక చిన్న కాఫీ బండి ఉంటుంది, రోజూ ఉంటుందని నమ్ముకోకండి. సూపర్‌మార్కెట్, హోటల్ లాంటివి దగ్గర్లో లేవు. చేపలు తినేవాళ్లకి ఇయో-కమినాడ దగ్గర పార్కులో "జకోతెన్" దొరుకుతుంది. చిన్న చేపలని ముల్లుతో సహా రుబ్బి, తట్టి, నూనెలో వేయించిన బిళ్లలు అవి. ఎహిమే ప్రత్యేకత. వేడిగా తినాలి.

శాకాహారులు మత్సుయామాలోనే కొనుక్కోండి. కూరగాయల నూడుల్స్ అన్నా చారులో చేపల సారం ఉంటుంది. పుల్లటి ఉమెబోషి (ఊరవేసిన పండు) పెట్టిన అన్నం ముద్ద చాలావరకు క్షేమం, పదార్థాల చీటీ చూసి తీసుకోండి. మేము ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లాం. ఎహిమే నారింజలు శీతాకాలంలో ఎక్కడైనా దొరుకుతాయి, అవి తప్పకుండా తినండి. తొక్కలు, కాగితాలు అన్నీ సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి. అక్కడ చెత్తబుట్ట వెతక్కండి.

పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. బండి ఎక్కేచోట మెట్లు ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చెయ్యి అందించాలి. చక్రాల కుర్చీ అవసరమైతే ముందుగా రైల్వేవాళ్లకి చెప్పి ఉంచండి. మా అమ్మ వచ్చినప్పుడు మధ్యాహ్నం బండిలో తీసుకెళ్లాను. గంటన్నర బెంచీ మీద కూర్చుని, "ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చావు అని అడగబోయాను, ఇప్పుడు అడగనులే" అంది.

ప్లాట్‌ఫారం మీద కచేరీ జరుగుతుందని విన్నాను, నిజమేనా?

నిజమే. ఎక్స్‌ప్రెస్‌లు కొండదారికి మళ్లిన 1986లోనే ఊరివాళ్లు ఒకనాటి సాయంత్రం ప్లాట్‌ఫారాన్ని వేదిక చేసి సంగీత కచేరీ పెట్టారు. తర్వాత అది ఏటా జరిపే వేడుక అయింది. మధ్యలో బండి వస్తుంది, ఆగుతుంది, జనం ఊపి పంపిస్తారు, పాట మళ్లీ అందుకుంటారు. రైళ్లు వెళ్లిపోయిన ఏడాదిలోనే ఇలా చేశారంటే, వాళ్లు స్టేషన్‌ని వదులుకోదలచుకోలేదని అర్థం. వెళ్లాలనుకుంటే ఆ ఏడాది తేదీ ముందే కనుక్కోండి.

దాంతో కలిపి ఇంకేం చూడొచ్చు?

ఇయో-నగహమాలో ఎర్రటి ఎత్తుడు వంతెన ఉంది. ఓడలు పోవడానికి మధ్య భాగం పైకి లేస్తుంది. అదీ 1935లో కట్టిందే, షిమోనాడకి ఈడు. చలికాలం పొద్దున్నే ఓజు లోయలోని పొగమంచు హిజి నది వెంట దొర్లుకుంటూ వచ్చి ఈ వంతెన దగ్గర సముద్రంలోకి పోతుంది. ఇంకా లోపలికి వెళ్తే ఓజు. 2004లో చెక్కతోనే తిరిగి కట్టిన కోట, నది ఒడ్డున గర్యూ సన్సో అనే తోట ఇల్లు ఉన్నాయి. మత్సుయామాలో దోగో వేడినీటి స్నానశాల సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

దారిలో కితనాడ స్టేషన్ వస్తే ఓసారి కిటికీలోంచి చూడండి. ఇయో, ఓజు నగరాల సరిహద్దు ఆ ప్లాట్‌ఫారం మీదుగానే పోతుంది.

ఇలాంటి స్టేషన్లు జపాన్‌లో ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. నిగాతాలో ఓమిగవా, అఒమొరిలో తొదొరొకి. హొక్కైదోలో కితహమా స్టేషన్ ముందు చలికాలంలో ఓఖోత్స్క్ సముద్రపు మంచుగడ్డలు తేలుతూ వస్తాయి. మత్సుయామాలోనే, వేరే కంపెనీ నడిపే లైను మీద బైషింజి ఉంది. షిమోనాడకి కుదరనివాళ్లు అరపూటలో దాన్ని చూసి రావొచ్చు.

సూర్యుడు దిగిపోయాక వెంటనే బయల్దేరాలా?

వద్దు. సూర్యుడు మునగగానే కార్లు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతాయి. పది నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది. ఆ తర్వాతి అరగంట రైల్లో వచ్చినవాళ్లదే. ఆకాశం నారింజ నుంచి ఊదాకి తిరుగుతుంది. దూరంగా పడవల దీపాలు ఒకటీ రెండూ కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం దీపం వెలుగుతుంది. చలికాలమైతే ఒక మందపాటి కోటు, వేడి టీ సీసా వెంట ఉంచుకోండి. మత్సుయామా వైపు బండి వచ్చేముందు వంపు దగ్గర పట్టాలు మెరుస్తాయి, తర్వాత ముందు దీపం కనిపిస్తుంది. అప్పుడు లేచి వెనక తలుపు ఆగే చోటికి నడవండి. ఎక్కగానే చీటీ తీసుకోవడం మరిచిపోకండి.